గంజి లెక్కలోకి రాదు

పదకొండో రోజు

ఒసే ఉడతా,

నువ్వు మూడో గాలిమర మీంచి పడి ఇవాళ్టికి పదకొండు రోజులు. నాకు రాయటం సరిగ్గా రాదని నీకు తెలుసు. ఒత్తులు మింగేస్తాననీ, నా అక్షరాలు గీత మీద నిలబడలేక కిందకి జారిపోతాయనీ నువ్వే ఎగతాళి చేసేదానివి. అయినా రాస్తన్నాను. ఇది వంటశాల పుస్తకం. ముందు కాగితాల్లో ఏ పూట ఏం వండానో రాయాలి. వెనక కాగితాలు ఎవరూ తిప్పరు. అవి నీకు.

ఎందుకు రాస్తన్నానంటే, ఏడ్చి ఏడ్చి ఉన్న కోపం కాస్తా కరిగిపోద్దేమోనని భయంగా ఉంది. వచ్చినోళ్ళంతా ఓదారుస్తన్నారు. కింద నీళ్ళలో మునిగిపోయిన ఊళ్ళు ఎన్ని, అందులో పోయినోళ్ళు ఎంతమంది, మనం ఈ స్తంభాల మీద బతికి ఉండటమే గొప్ప అంటన్నారు. నాకు ఓదార్పు వద్దు. నాకు కోపం కావాలి. అది పాడవకుండా ఇందులో దాచుకుంటాను.

ఇవాళ కూడా నాలుగింటికే లేచాను. ఎండ దాచిపెట్టుకున్న రాళ్ళ పొయ్యి మూత తీశాను. ఆరు గంట కొట్టేసరికి పసిపిల్లలూ బాలింతలూ ఆరుకి తినమని రాసిన ఆరు గంటోళ్ళూ వచ్చి, గోడ అర ముందు చేతి కంకణం పెట్టి ఎవరి పళ్ళెం వాళ్ళు తీసుకున్నారు. తర్వాత ఎనిమిది గంటోళ్ళు, పది గంటోళ్ళు. పన్నెండు కొట్టంగానే నీ అర మీద కూడా పచ్చదీపం వెలిగింది. నీ పేరు తీసేయాలని ఎవరికీ గుర్తు రాలేదు. తెరవటానికి నీ చెయ్యి లేదు. వండింది నేనే అయినా ఆ అర నా కంకణానికి తెరుచుకోదు. దీపం అలా వెలుగుతానే ఉంది. లోపల వంకాయకూర చల్లారిపోయింది.

ఆ దీపం ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. నీకు పన్నెండు గంట రాసిన చెయ్యి వణకాలి. మర మీద నీ చెయ్యి వణికిందని చూసినోళ్ళు చెప్పారు, అలాగే వణకాలి. అది నేను కళ్ళారా చూడాలి.

పద్నాలుగో రోజు

గంటల బాబు దగ్గరికి వెళ్ళాను. పేరు సుదర్శనం గారే అయినా ఊరంతా గంటల బాబు అనే కదా. ఎవరు ఏ గంటకి తినాలో ఆయనే రాస్తాడు.

"కూర్చో నాంచారమ్మా" అన్నాడు. కూర్చోలేదు.

"నా బిడ్డ కాగితం చూపించండి."

"చూసి ఏం చేస్తావు? నీకు అర్థం కాదు."

"అర్థమయ్యేట్టు చెప్పండి. పెద్ద చదువు చదివింది అందుకేగా తమరు."

మొహం చిట్లించాడు గానీ తీశాడు. పైన నీ పేరు, అలివేలు అని. దాని కింద ఏడు గీతలు.

"ఇవి కొలతల వారం గీతలు. పొద్దున అయిదు నుంచి పన్నెండు దాకా ఏమీ తినకుండా ఉంటే ఒంట్లో బలం ఎంత నిలబడిందో కంకణం గీసింది. కొందరికి ఎనిమిదికల్లా గీత కూలిపోతుంది. వాళ్ళు పొద్దున్నే తినాల్సిందే, ఆరు గంట ఇస్తాం. కొందరికి ఆలస్యమైనా ఏమీ కాదు. మీ అమ్మాయిది చూడు, దండెం కట్టినట్టు ఉంది. ఏడు రోజులూ ఎక్కడైనా వంగిందా? పొద్దున తిండి లేకపోయినా తట్టుకునే ఒళ్ళు. పన్నెండు గంట ఇచ్చాను. ఇందులో నా తప్పేముంది?"

"కళ్ళు తిరుగుతన్నాయని మూడుసార్లు మీ గుమ్మం ఎక్కింది."

"ఎక్కింది. మూడుసార్లూ ఈ గీతలే చూశాను. కంకణానికి అబద్ధం ఆడటం రాదు నాంచారమ్మా. మనుషులకి వచ్చు. పొద్దున్నే మర ఎక్కడానికి బద్ధకించే పిల్లలు నెలకి పదిమంది వస్తారు నా దగ్గరికి."

కాగితం కింద ఆయన చేతిరాత ఉంది. చిన్న మాట కాబట్టి నేనే కూడబలుక్కుని చదివాను. సాకు. దాని కింద ఇంకోటి, సాకు. దాని కింద ఇంకోటి. మూడు తేదీలు, మూడు సాకులు. మూడోదాని తర్వాత రెండు రోజులకి నువ్వు పడ్డావు.

అక్కడున్న మంచినీళ్ళు తాగి వచ్చేశాను. పాపిష్టోడు, చేతిరాత ఎంత గుండ్రంగా ఉందే ఉడతా! ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు.

పదిహేడో రోజు

వలలు అల్లే బసవయ్య బాబాయితో గొడవ పెట్టుకున్నాను. పాపం ఆయన తప్పేం లేదు. పన్నెండు గంట వరసలో నిలబడి పక్కోళ్ళతో చెబుతన్నాడు, ఈ పద్ధతి వచ్చాక తన ప్రాణం హాయిగా ఉందని. నాకు ఒళ్ళు మండింది.

"ఏంటి బాబాయ్ అంత హాయి?"

"నాకు సరిపడింది నాంచారూ, అబద్ధం ఎందుకు చెప్పాలి? పొద్దున్నే తింటే పొట్ట బరువు, పుల్లతేన్పులు. నా చిన్నప్పటి నించీ అంతే. మా అమ్మ నోట్లో కుక్కేది, నేను కక్కేవాణ్ణి. ఇప్పుడు పన్నెండు దాకా ఆకలే తెలీదు."

"నువ్వు కూర్చుని అల్లుతావు. నా బిడ్డ రెండొందల మెట్లు ఎక్కి, గాలి లేవకముందే రెక్కల మీద ఉప్పు గీకింది. నీకు సరిపడితే దానికీ సరిపడాలా?"

"నేనట్టా అన్నానా? నా కళ్ళజోడు నువ్వు పెట్టుకుంటే నీకు దారి కనపడుద్దా? నాది నాది, పిల్లది పిల్లది. అయినా నన్నెందుకే కరుస్తావు? కరవాల్సినోణ్ణి కరువు."

వరసలో వాళ్ళు నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయారు. నేను గరిటె పట్టుకుని లోపలికి వచ్చేశాను. కరవాల్సినోణ్ణి కరువు అన్న మాట మాత్రం పొద్దుగూకులూ చెవుల్లో తిరగతానే ఉంది.

ఇరవై రెండో రోజు

రూతు వచ్చింది. నీతోపాటు మూడో మర ఎక్కే పిల్ల. పడ్డ రోజు నించీ నా ఎదట పడలేదు, తనేదో తప్పు చేసినట్టు. ఇవాళ నీ నడుం బెల్టూ, గీకుడు రేకూ తెచ్చి అరుగు మీద పెట్టింది.

"అత్తా, కొక్కెం ఒక మెట్టు మీంచి తీసి పై మెట్టుకి తగిలిస్తంది. చేతులు వణికినయ్. నేను రెండు మెట్ల కిందే ఉన్నా. అందలా."

దానికి నీళ్ళిచ్చాను. నీళ్ళు తాగి, ఏదో నాకు ఊరటగా ఉంటదని చెప్పింది పాపం ఈ మాట:

"ఎప్పుడూ నీ గంజే తలుచుకునేదత్తా. 'కొలతల వారం అమ్మ రోజూ పొద్దున్నే గంజి పట్టేది, ఆ వారం ఎంత బాగున్నానో! ఈ మర కింద షెడ్డులోకి మారాకే ఈ కళ్ళు తిరగటం' అనేది."

నేను సరేనన్నాను. రూతు వెళ్ళిపోయింది. నేను కూర్చునే ఉన్నాను. పది గంట కొట్టారు, కొట్టింది వినపడింది, లేవలేకపోయాను.

ఇరవై మూడో రోజు

ఉడతా, ఇది రాయక తప్పదు. అబద్ధం రాస్తే ఈ పుస్తకం దేనికీ పనికిరాదు.

కొలతల వారం ఏమీ తినకూడదన్నారు. నేను అన్నం పెట్టలేదు. బిళ్ళంత రొట్టెముక్క కూడా పెట్టలేదు. అయితే బాలింతల కోసం తెల్లారగట్ల వార్చిన గంజి చిన్న చెంబుతో తెచ్చి, ఉప్పేసి, అయిదింటికి నీకు పట్టాను. ఏడు రోజులూ. "వద్దమ్మా, తినకూడదంట" అన్నావు నువ్వు. నేనన్నాను, "ఇది తిండి కాదే, గంజి. గంజి లెక్కలోకి రాదు."

మా అమ్మ అట్టాగే అనేది. వాళ్ళమ్మా అట్టాగే అనేది, ఊరు నీళ్ళ పైన ఉన్నప్పుడు. కటిక ఉపవాసం ఉన్న రోజుల్లో కూడా మా ఇంట్లో ఆడోళ్ళు గంజి తాగేవాళ్ళు. పళ్ళకింద పడేదే తిండి. గంజి నీళ్ళ జాతి. అది ఉపవాసాన్ని చెరపదు. నాకు ఊహ తెలిసిన నించీ ఇదే తెలుసు. నేను దొంగతనంగా పెడుతున్నానని కూడా అనుకోలేదు, అంత మామూలుగా పట్టాను.

ఆ గీత దండెం కట్టినట్టు ఎందుకుందో ఇప్పుడు తెలిసింది. అది నీ ఒంటి బలం కాదు. నా గంజి బలం.

గంటలు రాసిన రోజున నీకు పన్నెండు వచ్చిందంటే మురిసిపోయాను కూడా. నా బిడ్డది గట్టి ఒళ్ళు అని వరసలో అందరికీ చెప్పుకున్నాను. నువ్వు షెడ్డుకి మారిపోయావు, అక్కడికి గంజీ రాదు, నేనూ రాను. ఒకసారి మధ్యాన్నం అన్నావు, పొద్దున్నపూట కొంచెం తేలిపోతన్నట్టుంటదమ్మా అని. అలవాటైపోద్దిలే అన్నాను నేను. ఆయన కాగితం మీద సాకు అని రాశాడు, నేను నోటితో అన్నాను. తేడా ఏముంది?

ఇంక ఇవాళ రాయలేను.

ఇరవై నాలుగో రోజు

తేడా ఉంది. రాత్రంతా కాదు గానీ పొద్దున బియ్యం కడుగుతూ ఆలోచించాను. తేడా ఉంది.

నాకు తెలియదు. ఆయనకి తెలియాలి. ఆయన పని అది. నీ ఎదురుగా కూర్చుని, ఆ వారం పొద్దున్నే ఏం తాగావమ్మాయ్ అని ఒక్క మాట అడిగి ఉంటే నువ్వు చెప్పేదానివి. నీకు దాచటం రాదు. నన్నడిగినా చెప్పేదాన్ని, తప్పనుకుంటేగా దాయటానికి! మూడుసార్లు నువ్వు నోరు తెరిచి చెప్పావు. ఎదురుగా ఉన్న మనిషి మొహం చూడకుండా కాగితం చూశాడు.

నా తప్పుకి నాకు శిక్ష పడింది. ఇంతకంటే పెద్దది ఎవరూ వెయ్యలేరు. ఆయనకి ఇంకా పడలేదు.

ఇరవై ఆరో రోజు

దేవుడు ఉన్నాడో లేడో గానీ దారి మాత్రం దానంతటదే వచ్చింది.

నువ్వు పడ్డాక జనంలో గొణుగుడు మొదలైంది. పన్నెండు గంటోళ్ళు కొందరు ఇంక మరలు ఎక్కేది లేదంటన్నారు. ఇవాళ భోజనాల కాడ గంటల బాబు బల్లెక్కి చెప్పాడు. తనది ఇన్నాళ్ళూ పది గంట. వచ్చే కొలతల వారంలో తననీ మళ్ళీ కొలుస్తారంట. పన్నెండు వస్తే పన్నెండుకే తింటాడంట. ఉత్త కడుపుతో మూడో మర చివరిదాకా ఎక్కి చూపిస్తాడంట.

"నమ్మనివాళ్ళు వచ్చి చూడండి" అన్నాడు.

ఆయన దొంగ కాడు, ఆ మాట ఒప్పుకోవాలి. తన పద్ధతిని తను నమ్మే మనిషి. అదే నాకు పనికొచ్చింది.

ఆయనకి రోజూ అయిదింటికి నా దగ్గర నించే కషాయం వెళ్ళుద్ది. అల్లం, మిరియాలు, ధనియాలు. కొలతల వారంలో పంపాలా వద్దా అని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

నవ్వాడు. "కషాయానికేముంది, అదేమైనా తిండా? పంపించు."

ముప్పైయో రోజు

కొలతల వారం మొదలు. అల్లం రెండింతలు దంచాను, మిరియాలు ఘాటుగా వేశాను. నీళ్ళకి బదులు చిక్కటి గంజి పోశాను. బట్టలో వడగట్టి, చిటికెడు ఉప్పు. ఘాటుకి గంజి వాసన తెలీలేదు. రంగు మట్టిలా ఉంది, కషాయం రంగు ఎప్పుడైనా అంతేగా.

గ్లాసు ఖాళీగా తిరిగొచ్చింది.

ముప్పై మూడో రోజు

స్వయంగా వచ్చి చెప్పాడు ఉడతా, వంటశాల గుమ్మం దాకా వచ్చి! "నీ చేతి కషాయంలో ఏదో ఉంది నాంచారమ్మా. ఈ వారం కొత్త బలం వచ్చినట్టుంది. పదిన్నర దాకా ఆకలన్న మాటే లేదు."

"మీ ఒళ్ళే గట్టిది బాబూ" అన్నాను.

ఆ మాట అనేటప్పుడు నాలిక మీద తీపి తగిలింది. నువ్వు పోయినాక నా నాలికకి రుచి తెలియటం ఇదే మొదలు.

ముప్పై ఎనిమిదో రోజు

పన్నెండు గంట వచ్చింది ఆయనకి. గీత దండెం కట్టినట్టే ఉందంట. గోడకి అంటించాడు అందరూ చూడాలని. రూతు చూసొచ్చి, "అచ్చం అలివేలు గీతలాగే ఉందత్తా" అంది. నేను కూరగాయలు తరుగుతా ఊఁ అన్నాను.

కొలతల వారం అయిపోయిన కాడ నించి కషాయంలో గంజి లేదు. ఉత్త నీళ్ళు, అల్లం, మిరియాలు.

నలభై రెండో రోజు

రాస్తన్నాను, చదువుకో. పదకొండింటప్పుడు ఎవరో గంట మార్చమని కాగితం తీసుకెళ్తే వాళ్ళ మీద గట్టిగా అరిచాడంట. నిన్న కషాయం గ్లాసు పట్టుకున్నప్పుడు చూశాను, పైన కొంచెం తొణికింది. గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు.

"ఒంట్లో బాగోలేదా బాబూ?"

"ఏం లేదు. అలవాటవ్వాలి."

అలవాటైపోద్దిలెండి అన్నాను. అదే మాట, నీకన్న మాటే. నీకంటే ప్రేమగా అన్నాను ఆయనకి.

చేతిరాత గుండ్రంగా లేదంట ఈమధ్య. రూతే చెప్పింది.

నలభై ఆరో రోజు

రేపు ఎక్కుతాడు.

నేను ఆపగలను. వెళ్ళి గంజి సంగతి ఒక్కమాట చెబితే ఆగుద్ది. చెప్పదలుచుకోలేదు. పడితే పడనీ. నా మనసు ఇంత రాయి అని నాకే తెలీదు. తెలిసి కూడా హాయిగా ఉంది. ఇది చదివి నువ్వు నన్ను అసహ్యించుకుంటే నాకు ఫరవాలేదే. బతికుండి అసహ్యించుకోవాల్సింది.

ఒక చెంబులో గంజి పోసి ఉంచాను, ఆయనకి కాదు. నువ్వు పడ్డచోట చెక్కల మీద పొయ్యటానికి. పని అయ్యాక.

నలభై ఏడో రోజు

అక్షరాలు ఎట్టా ఉంటే అట్టా చదువుకో.

ఏడింటికి ఊరు ఊరంతా మూడో మర కాడికి పడవల్లో వచ్చారు. గంటల బాబు బెల్టు కట్టుకున్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది, అయినా నవ్వుతన్నాడు. కొత్తోళ్ళు ఎక్కితే తెలిసినోళ్ళు వెనకాల ఎక్కటం మరల కాడ పద్ధతి. రూతు వెనకాల ఎక్కింది.

నేను కింద చెంబు పట్టుకుని నిలబడ్డాను. మెట్లు లెక్కపెడతన్నాను. నలభై దాకా బాగానే ఎక్కాడు. అరవై కాడ ఆగాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇంకో నాలుగు ఎక్కాడు. కొక్కెం తీశాడు పైమెట్టుకి తగిలించటానికి. తగలలేదు. మళ్ళీ పెట్టాడు, తగలలేదు. ఇనుము మీద ఇనుము టకటకా కొట్టుకుంటంది, కింద దాకా వినపడుతంది. ఆ చెయ్యి వణుకుతంది ఉడతా. నేను ఒట్టు పెట్టుకున్న చెయ్యి, నేను అడిగిన వణుకు. నా లోపల ఎవరో పడు, పడు అంటన్నారు.

అప్పుడు చూశాను ఆయన కాళ్ళ కింద రూతు తల. సరిగ్గా కింద, రెండు మెట్లు.

నలభై ఏడు రోజులుగా నేను ఒక్క మనిషినే చూస్తన్నాను. వెనకాల ఇంకో తల్లి కన్న పిల్ల ఎక్కుద్దని అసలు లెక్కే వెయ్యలా.

అరిచాను. నా గొంతులో అంత అరుపు ఉందని నాకు తెలీదు. "రూతూ! తాడు! నీ రెండో తాడు ఆయన బెల్టుకి తగిలించు! కళ్ళు తిరుగుతన్నయ్ ఆయనకి!"

రూతు నా వైపు చూడను కూడా చూడలేదు. చెయ్యి చాచి తగిలించి, రెండో కొస మెట్టుకి బిగించింది. అది బిగిసీ బిగియంగానే ఆయన చేతులు వదిలేశాడు. తాడు మీద వేలాడాడు, ఆరేసిన చేపలాగా. కింద జనం కేకలు.

దించారు. చెక్కల మీద పడుకోబెట్టారు, నువ్వు పడ్డచోటికి నాలుగు అడుగుల దూరంలో. చెమటలు, పెదాలు తెల్లగా. కళ్ళు తెరిచి, "కళ్ళు తిరిగాయి" అన్నాడు.

నేను వంగి మొహంలో మొహం పెట్టి అడిగాను.

"సాకా బాబూ?"

ఆయన పెదాలు కదిలాయి. "గీత... నా గీత బాగుంది కదా."

"బాగుంది. దండెం కట్టినట్టుంది. ఆ దండెం కట్టింది నేనే. ఏడు రోజులు మీ కషాయంలో గంజి పోశాను."

"ఏం చేశావే నాంచారూ!" అన్నాడు బసవయ్య బాబాయి.

"ఈయనకి చేసిందే నా కూతురికి చేశాను బాబాయ్. దానికి తెలీక చేశాను, ఈయనకి తెలిసి చేశాను. కంకణం రెండుసార్లూ పట్టుకోలేకపోయింది. అబద్ధం ఆడటం రాదంటగా దానికి. ఆడించటం నాకే ఇంత తేలికైతే, ఊళ్ళో ఇంకెంతమంది అమ్మలు గంజి పట్టారో అడగండి ఇక్కడే."

జనంలో చూశాను. ఒకామె కొంగు నోట్లో పెట్టుకుంది. ఇంకొకామె తన కొడుకు చెయ్యి పట్టుకుంది గట్టిగా. నలుగురైదుగురు తలలు దించారు.

గంటల బాబు అన్నాడు, చిన్నపిల్లాడిలాగా, "కషాయం తిండి కాదుగా."

"నేనూ అంతే అనుకున్నాను బాబూ. గంజి తిండి కాదుగా అని."

చేతిలో చెంబు ఉంది. ఆయన కళ్ళు దాని మీదే ఉన్నాయి. ఇవ్వలేదు. ఇది కూడా దాచకుండా రాస్తన్నాను. ఆయన మొహానికి జానెడు దూరంలో పట్టుకుని ఇవ్వలేదు.

"ఏమవుతుందో నోటితో చెప్పండి. కంకణం కాదు, మీరు."

"నీరసం..."

"అది కాదు. నా బిడ్డ మీకు మూడుసార్లు చెప్పిన మాట."

రూతు "అత్తా, చాలు" అంది. నేను కదల్లేదు. అప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగి, అన్నాడు.

"ఆకలేస్తోంది."

తల కింద చెయ్యి పెట్టి లేపి, గంజి పట్టాను. నీకు పట్టినట్టే, కొంచెం కొంచెం. గుటకలు వేస్తా తాగాడు. గడ్డం మీద కారింది కొంగుతో తుడిచాను. కోపం పోలేదు ఉడతా. కోపంతోనే తుడిచాను. నీ చోట పొయ్యటానికి చెంబులో చుక్క మిగల్లేదు.

యాభై ఒకటో రోజు

ఊరి సభ కూర్చుంది. ఒక మనిషి తిండిలో చెప్పకుండా కలిపినందుకు నన్ను వంటశాల నించి తీసేశారు. న్యాయమే. రేపటి నించి బసవయ్య బాబాయి కాడ వలలు అల్లాలి. "వల ముళ్ళు నాకు నేర్పటం రాదు, నీకు నేర్చుకోవటం రాదు, బానే ఉంటది" అన్నాడు ఆయన.

పోయేముందు ఏమైనా చెప్పుకోవాలా అని అడిగారు. మూడు అడిగాను.

మొదటిది, కొలిచేటప్పుడు ముందు మనిషిని అడగాలి, పొద్దున్నే ఏం నోట్లో పడిందని, గంజీ కషాయం మజ్జిగతేటా అన్నీ పేరు పేరునా. కళ్ళు తిరుగుతన్నాయని ఎవరైనా చెబితే గీత పక్కనపెట్టి ఆ పూటే తిండి పెట్టాలి. ఒప్పుకున్నారు.

రెండోది, నీ కాగితం తెప్పించమన్నాను. గంటల బాబు తన చేత్తో మూడు సాకులూ కొట్టేయాలి, పక్కన నిజం రాయాలి అన్నాను. కొట్టేశాడు. రాశాడు. ఆకలి, ఆకలి, ఆకలి. రాత ఇంకా కొంచెం వంకరగానే ఉంది. "క్షమించమని అడగటానికి నాకు మొహం లేదు" అన్నాడు. "అడగొద్దు. నేను క్షమించను" అన్నాను. తల ఊపాడు. ఇద్దరికీ అదే సుఖంగా ఉంది.

మూడోది నీ అర. దీపం తీసేస్తామన్నారు. తియ్యొద్దన్నాను. గంట మార్చమన్నాను, పన్నెండు నించి ఆరుకి. కంకణం లేకుండా తెరుచుకునేట్టు చెయ్యమన్నాను. పొద్దున్నే ఎవరికి ఆకలేస్తే వాళ్ళు, ఏ గంటోళ్ళైనా సరే, అడక్కుండా తెరిచి తినాలి. మరలు ఎక్కే పిల్లలు ముందు.

యాభై రెండో రోజు

ఇవాళ ఆరింటికి వరసలో నిలబడి చూశాను. నీ అర మీద పచ్చదీపం వెలిగింది. కాసేపు ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత రూతు వెళ్ళి తలుపు లాగింది. వచ్చింది. గిన్నెలో వేడి గంజన్నం, పక్కన ఉల్లిపాయ. నిలబడే తినేసింది, బెల్టు నడుంకి కట్టుకుని. తిని, ఖాళీ గిన్నె నాకు చూపించి మర ఎక్కటానికి పోయింది.

బసవయ్య బాబాయి మాత్రం పన్నెండుకే తింటాడంట. తినమన్నాను. ఆయన ఒళ్ళు ఆయన మాట వింటంది.

ఈ పుస్తకం ఇక్కడే వదిలేసి పోతన్నాను. నా తర్వాత వంట చేసేవాళ్ళకి, ఎప్పుడైనా వెనక కాగితాలు తిప్పితే, ఇది. పొద్దున్నే తినకపోయినా నీ ఒళ్ళు బాగుంటే నిన్నెవరూ బలవంతపెట్టరు, నీ వేళకి తిను. పొద్దున్నే చెయ్యి వణికితే, కళ్ళు తిరిగితే, ఎవరు ఏ కాగితం చూపించినా ఆగొద్దు. కూర్చో. వేడివేడిగా పెట్టించుకో. కడుపునిండా అన్నం తిను.